పోప్ ఎన్నికలో నామినేషన్లు లేవు, ప్రచారం లేదు. మరి మూడింట రెండు వంతుల ఓట్లు ఒక్కరికే ఎలా పడతాయి?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: 2025 మే నెలలో పోప్ లియో 14 ఎన్నికను టీవీలో చూశారు, పొగ తప్ప లోపలి సంగతి ఏమీ తెలియలేదు. అభ్యర్థులు ఎవరు, వారిని ఎవరు నిలబెడతారు, ఎవరికీ సరిపడా ఓట్లు రాకపోతే ఏం చేస్తారు? హైదరాబాద్ కార్డినల్ (పోప్ నియమించే ఉన్నత స్థాయి మతగురువు) పూల ఆంథోని గారు కూడా ‘పోటీలో ఉన్నారు’ అని వాట్సాప్‌లో తిరిగిన మాట నిజమేనా?

సూటిగా చెప్పాలంటే, అభ్యర్థులంటూ ఎవరూ ఉండరు. 80 ఏళ్లు నిండని కార్డినల్స్ అందరూ వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో తలుపులు వేసుకుని కూర్చుంటారు. దీన్నే కాంక్లేవ్ అంటారు. తగినవారని తమకు తోచిన ఒకరి పేరును ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసి వేస్తారు. ఒకే పేరుకు మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చేదాకా ఓటింగ్ సాగుతూనే ఉంటుంది. మొదటి రోజు సాయంత్రం ఒకసారి, ఆ తర్వాత రోజుకు నాలుగుసార్లు వేస్తారు. అన్ని ఓట్లు వచ్చిన వ్యక్తి సమ్మతిస్తే, అప్పటికే బిషప్ అయి ఉంటే, ఆ క్షణం నుంచే పోప్. ఇక పూల ఆంథోని గారు ‘పోటీలో’ లేరు, ఎందుకంటే అక్కడ పోటీ అనేదే లేదు. కానీ ఓటు వేసిన 133 మందిలో ఆయన ఒకరు, అది నిజం.

ఈ ఎన్నికకు ఇప్పుడు ఆధారం 1996 ఫిబ్రవరి 22న జాన్ పాల్ 2 జారీ చేసిన ‘ఊనివెర్సీ దొమీనిచి గ్రెజిస్’ అనే శాసనం. బెనెడిక్ట్ 16 దాన్ని 2007లో ఒకసారి, 2013లో మరోసారి సవరించారు. చదివితే మొదట చాదస్తంలా అనిపిస్తుంది. కాగితాన్ని ఎలా మడవాలి, సూదిని ఏ మాట మీద గుచ్చాలి అన్నదాకా రాసి ఉంటుంది. అయితే ఆ నిబంధనల్లో చాలావాటి వెనుక పాత గొడవ ఒకటి ఉంది. అది తెలిస్తే చాదస్తం అనిపించదు.

పోప్ మరణించిన రోజు నుంచి కాంక్లేవ్ దాకా

పోప్ చనిపోయినా, 2013లో బెనెడిక్ట్ 16 చేసినట్టు రాజీనామా చేసినా పీఠం ఖాళీ అయినట్టే. అప్పుడు రోజువారీ వ్యవహారాలు చూసేది కమెర్‌లెంగో అనే పదవిలో ఉన్న కార్డినల్. 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ మరణించినప్పుడు ఆ బాధ్యత కెవిన్ ఫారెల్‌ది. మరణాన్ని అధికారికంగా ధ్రువీకరించడం, పోప్ నివాసానికి సీలు వేయించడం ఆయన పనులు. పోప్ వాడిన ‘మత్స్యకారుని ఉంగరాన్ని’, సీసపు ముద్రను కార్డినల్స్ ఎదుట పనికిరాకుండా చేస్తారు. ఇందులో మర్మమేమీ లేదు, పోప్ పేరుతో ఎవరూ దొంగ పత్రం పుట్టించకుండా చేసే జాగ్రత్త. చనిపోయిన పోప్ నుదుటి మీద వెండి సుత్తితో కొట్టి చూస్తారనే కథ యూట్యూబ్‌లో తెగ కనిపిస్తుంది గానీ, శాసనంలో ఎక్కడా లేదు.

ఈ మధ్యకాలంలో కార్డినల్స్ కొత్త చట్టాలు చేయడానికి వీల్లేదు. పోప్‌కు మాత్రమే ఉన్న అధికారాలు వాడడానికి వీల్లేదు, ఎన్నిక నిబంధనలు మార్చడానికి అసలే వీల్లేదు. వాటికన్ శాఖల అధిపతులు దాదాపు అందరూ పదవులు కోల్పోతారు. కమెర్‌లెంగో వంటి కొద్దిమందే కొనసాగుతారు.

పీఠం ఖాళీ అయ్యాక 15 పూర్తి రోజులు ఆగి కాంక్లేవ్ మొదలుపెట్టాలి. 20 రోజులు దాటకూడదు. ఓటర్లందరూ ముందే చేరుకుంటే ఇంకా త్వరగా మొదలుపెట్టవచ్చన్నది బెనెడిక్ట్ 16 చేసిన 2013 సవరణ. ఈ 15 రోజుల గడువు ఎలా వచ్చిందో చూడండి. 1922 దాకా ఆగేది 10 రోజులే. ఆ రోజుల్లో అమెరికా నుంచి ఓడలో రావాలి. బోస్టన్ కార్డినల్ విలియం ఓకానెల్ 1914లోనూ 1922లోనూ ఆదరాబాదరాగా రోమ్ చేరేసరికి ఎన్నిక అయిపోయింది. 1922లో ఎన్నికైన పియస్ 11 ఆ గడువును వెంటనే పెంచారు.

ఎవరికి ఓటు ఉంటుంది

పీఠం ఖాళీ అయిన రోజుకు ముందే 80 ఏళ్లు నిండిన కార్డినల్‌కు ఓటు లేదు. ఈ హద్దు పాల్ 6 1970లో పెట్టినది. లెక్క చూసేది పీఠం ఖాళీ అయిన రోజుకే గానీ కాంక్లేవ్ రోజుకు కాదు. 2013లో ఫిబ్రవరి 28న పీఠం ఖాళీ అయింది. జర్మన్ కార్డినల్ వాల్టర్ కాస్పర్‌కు మార్చి 5న 80 నిండాయి. అయినా మార్చి 12న మొదలైన కాంక్లేవ్‌లో కూర్చుని ఓటు వేశారు.

ఓటర్లు 120 మందికి మించకూడదని కూడా శాసనంలో ఉంది. మరి 2025లో 133 మంది ఎలా వేశారు? అర్హులు నిజానికి 135, అనారోగ్యం వల్ల ఇద్దరు రాలేదు. 120 దాటి కార్డినల్స్‌ను నియమించింది పోప్ ఫ్రాన్సిసే కాబట్టి ఆ పరిమితిని ఆయనే సడలించినట్టు, సక్రమంగా నియమితులైన ఏ కార్డినల్ ఓటునూ తీసివేయలేమని కార్డినల్స్ సభ ఏప్రిల్ 30న ప్రకటించింది. ఈ ప్రకటన లేకపోతే రేపు ఎవరో ఒకరు ‘ఆ పదమూడు ఓట్లు చెల్లవు’ అని లేచేవారు. ఎన్నిక చెల్లుబాటు మీద అనుమానం మిగలకూడదన్నదే ఈ మొత్తం వ్యవస్థకు ఉన్న పెద్ద భయం. 1378లో అదే జరిగింది. అర్బన్ 6ను ఎన్నుకున్న కార్డినల్స్‌లో అత్యధికులు కొన్ని నెలలకే ‘రోమ్ జనం గుంపు భయపెట్టడం వల్ల వేశాం’ అంటూ ఇంకొకరిని ఎన్నుకున్నారు. ఆ చీలిక మానడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

2025లోనే ఇంకో చిక్కు వచ్చింది. ఆర్థిక వ్యవహారాల కేసు నేపథ్యంలో కార్డినల్ ఆంజెలో బెచ్చూ తన హక్కులను 2020లోనే వదులుకున్నారు, కానీ ఆ బిరుదు ఉంచుకున్నారు. ఫ్రాన్సిస్ మరణించాక తనకు ఓటు ఉందని వాదించి, చివరకు ఏప్రిల్ 29న తానే తప్పుకున్నారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఏ కారణం చూపి గానీ, ఏ సాకుతో గానీ కార్డినల్ ఓటును అడ్డుకోకూడదని శాసనం అంటుంది. పదవి నుంచి తొలగించినా, పోప్ సమ్మతితో పదవిని వదులుకున్నా మాత్రమే ఓటు పోతుంది.

అసలు ఎంపిక జరిగేది తలుపులు మూయకముందే

టీవీ వాళ్లు చూపించేది సిస్టీన్ చాపెల్‌ను. నన్నడిగితే దానికంటే ముఖ్యమైనవి ముందు రెండు వారాల్లో రోజూ జరిగే సాధారణ సమావేశాలు. 2025లో అవి పన్నెండు జరిగాయి. 80 దాటినవారూ వీటికి రావచ్చు, మాట్లాడవచ్చు. వాటికన్ ఆర్థిక స్థితి, లైంగిక వేధింపుల కేసులు, యుద్ధాలు, ఆసియా ఆఫ్రికా దేశాల్లో శ్రీసభ (కతోలిక చర్చి) పరిస్థితి, ఇలా ఒక్కొక్కరు లేచి కొన్ని నిమిషాలు మాట్లాడతారు. ‘నాకు ఓటెయ్యండి’ అని ఎవరూ అనరు, అంటే ఆ క్షణంతో ఆయన పని అయిపోయినట్టే. కానీ విన్నవాళ్లు గమనిస్తుంటారు: ఎవరు దేన్ని సమస్యగా చూస్తున్నారు, ఎన్ని భాషలు వచ్చు, ఆరోగ్యం ఎలా ఉంది, పాలన చేతనవునా. 2013లో బ్వేనోస్ ఐరెస్ అగ్రపీఠాధిపతి బెర్గోలియో, శ్రీసభ తనలో తాను ముడుచుకోకుండా అంచుల్లో ఉన్నవారి దగ్గరకు వెళ్లాలని ఈ సమావేశాల్లో కొద్ది నిమిషాలు మాట్లాడారు. కొద్ది రోజులకే ఆయన పోప్ ఫ్రాన్సిస్ అయ్యారు.

రాత్రి భోజనాల దగ్గర, నడక దారిలో పేర్లు నలుగుతాయి. అది నిషేధం కాదు. ఎవరు తగినవారన్నది మాట్లాడుకోవచ్చని శాసనమే అంటుంది. నిషేధం ఉన్నది ఒప్పందాలకు. ‘నేను నీకు వేయిస్తాను, నువ్వు నాకు ఫలానా పదవి ఇవ్వు’ అన్నా, ‘ఎన్నికైతే ఫలానా పని చేస్తాను’ అని ముందే రాసిచ్చినా చెల్లదు. ఓటుకు కట్టుబడతామని గుంపుగా మాట ఇచ్చిపుచ్చుకున్నవారికి దానంతటదే వెలి శిక్ష (శ్రీసభ నుంచి బహిష్కరణ) పడుతుంది. డబ్బుతో కొన్న ఓట్లకూ ఇదే శిక్ష, కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. డబ్బు చేతులు మారినట్టు తేలినా ఎన్నిక మాత్రం రద్దు కాదు. 1996 శాసనం కావాలనే అలా పెట్టింది. లేకపోతే ఓడిన వర్గం ఎప్పుడైనా ‘డబ్బిచ్చాడు’ అని పోప్ పీఠాన్నే కోర్టు మెట్లెక్కించగలదు.

రాజుల పెత్తనం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు ఆస్ట్రియా, ఫ్రాన్స్, స్పెయిన్ పాలకులు ‘ఈయన వద్దు’ అని ఒకరిని అడ్డుకునేవారు. చివరిసారి అది 1903లో జరిగింది. కార్డినల్ రంపోల్లాకు ఓట్లు పెరుగుతుండగా క్రాకోవ్ కార్డినల్ పుజినా లేచి ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ తరఫున అభ్యంతరం చదివారు. ఎన్నికైంది పియస్ 10. ఆయన మరుసటి ఏడాదే ఆ పద్ధతిని నిషేధించి, అలాంటి కబురు మోసుకొచ్చే కార్డినల్‌కు వెలి శిక్ష పెట్టారు.

తలుపులు మూసే రోజు

ఉదయం పునీత పేతురు బసిలికాలో దివ్యబలిపూజ. సాయంత్రం కార్డినల్స్ పునీతుల ప్రార్థన పాడుకుంటూ వరుసగా చాపెల్‌లోకి వెళ్తారు. రహస్యం కాపాడతామని అందరూ కలిసి ప్రమాణ పాఠం చదివాక, ఒక్కొక్కరు వచ్చి సువార్త గ్రంథం మీద చెయ్యి ఉంచి తమ పేరుతో ప్రమాణం చేస్తారు. 133 మందికి ఇదే చాలా సేపు పట్టింది. తర్వాత పూజా కార్యక్రమాల అధిపతి ‘ఎక్స్‌ట్రా ఓమ్నెస్’ అంటారు, ఓటు లేనివాళ్లంతా బయటికి అని. 2025లో ఆ మాట పలికింది ఆర్చ్‌బిషప్ దియేగో రవెల్లి.

లోపల అధ్యక్షత వహించాల్సింది కార్డినల్స్ సభ డీన్. కానీ 2025లో డీన్ జొవాన్ని బత్తిస్తా రే, ఉపడీన్ లియొనార్దో సాండ్రి ఇద్దరికీ 80 దాటాయి. అందుకని కార్డినల్స్ మూడు శ్రేణుల్లో పైదైన బిషప్ శ్రేణిలో, ఓటున్నవారిలో హోదాలో పెద్దవారైన పియెత్రో పరొలీన్ నడిపించారు.

ఫోన్లు, పత్రికలు, టీవీ, ఉత్తరాలు ఏవీ ఉండవు. చాపెల్‌లో సిగ్నల్ అడ్డుకునే పరికరాలు పెడతారు, రహస్య మైకుల కోసం ముందుగా గాలిస్తారు. 2025 మే 7న వాటికన్ నగరమంతా మొబైల్ సిగ్నల్ ఆపేశారు. వంటవాళ్లు, డ్రైవర్లు, డాక్టర్లు, లిఫ్ట్ నడిపేవాళ్లు కూడా ప్రమాణం చేయాలి. వాళ్లు రహస్యం బయటపెడితే ఆ క్షణమే వెలి. బస వాటికన్‌లోని అతిథి గృహమైన శాంత మార్త నివాసంలో. 2005 నుంచీ అంతే. అంతకుముందు వాటికన్ ప్రాసాదంలోనే తాత్కాలిక గదుల్లో మంచాలు వేసుకుని, కొద్ది స్నానాల గదులతో సర్దుకునేవారు. 1978 ఆగస్టు ఎండల్లో ఆ కిటికీలు మూసిన గదుల్లో పడుకున్నవారి బాధ తెలిసే జాన్ పాల్ 2 ఈ మార్పు చేశారు.

కాగితం నుంచి లెక్క దాకా

ముందు చీటీలు తీసి తొమ్మిది మందిని ఎంచుకుంటారు: ముగ్గురు ఓట్లు లెక్కించేవారు, ముగ్గురు జబ్బుపడ్డవారి దగ్గరకు వెళ్లి ఓటు తెచ్చేవారు, ముగ్గురు ఆ లెక్కను మళ్లీ సరిచూసేవారు. అందరూ కార్డినల్సే, బయటి గుమాస్తా ఎవరూ ఉండరు.

బ్యాలెట్ దీర్ఘచతురస్రాకారపు కాగితం. పై సగంలో ‘ఎలీగో ఇన్ సుమ్ముమ్ పొంతీఫిచెమ్’ అని అచ్చువేసి ఉంటుంది, అంటే ‘సర్వోన్నత గురువుగా నేను ఎన్నుకుంటున్నాను’. కింది సగం ఖాళీ. అక్కడ ఒకే పేరు, అదీ వీలైనంతవరకు తన చేతిరాత అని గుర్తుపట్టలేని విధంగా రాయాలి. రెండు పేర్లు రాస్తే ఆ ఓటు చెల్లదు. సంతకం ఉండదు. పాత పద్ధతిలో సంతకం చేసి, మడిచి, సీలు వేసేవారు. తన ఓటు తానే వేసుకుని గట్టెక్కాడా అని అవసరమైతే విప్పి చూడడానికి. ఆ అనుమానాన్ని తప్పించడానికే పియస్ 12 1945లో ‘మూడింట రెండు వంతులు, ఆపైన ఇంకొకటి’ అని మార్చారు. తన ఓటు తీసేసినా సరిపోతుంది కాబట్టి సంతకంతో పని లేకుండా పోయింది. (ఇప్పుడు ఆ అదనపు ఓటు అక్కర్లేదు.)

రాశాక మడిచి, అందరికీ కనబడేలా చేతిలో ఎత్తి పట్టుకుని, హోదా వరుసలో ఒక్కొక్కరు బలిపీఠం దగ్గరకు వెళ్తారు. ఎదురుగా గోడ మీద మైకెలాంజెలో గీసిన ‘అంతిమ తీర్పు’. అక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట లాటిన్‌లో ఉంటుంది. దాని భావం: ‘నాకు తీర్పు తీర్చబోయే క్రీస్తు ప్రభువే సాక్షి, దేవుని ఎదుట ఎవరు ఎన్నిక కావాలని నేను భావిస్తున్నానో వారికే ఓటు వేస్తున్నాను.’ తర్వాత కాగితాన్ని ఒక పళ్లెం మీద పెట్టి, ఆ పళ్లెం వంచి పాత్రలోకి జారవిడుస్తారు. నేరుగా చేత్తో వేయకపోవడానికి కారణం తేలిక. ఒక్క కాగితమే పడిందని అందరికీ కనబడాలి.

నడవలేనివారి దగ్గరకు లెక్కించేవారిలో ఒకరు వస్తారు. శాంత మార్తలో మంచం మీద ఉన్నవారి కోసం పైన సన్నని చీలిక ఉన్న తాళం పెట్టె తీసుకెళ్తారు. వెళ్లేముందు అది ఖాళీగా ఉందని అందరికీ తెరిచి చూపించి తాళం వేసి, తాళంచెవి బలిపీఠం మీదే వదిలేస్తారు.

లెక్క ఇలా సాగుతుంది. మొదటి వ్యక్తి పాత్రను బాగా కుదుపుతారు. మూడో వ్యక్తి కాగితాలను విప్పకుండా ఒక్కొక్కటీ ఖాళీ పాత్రలోకి వేస్తూ సంఖ్య లెక్కపెడతారు. ఓటర్ల సంఖ్యకూ కాగితాల సంఖ్యకూ తేడా వస్తే విప్పకుండానే అన్నీ కాల్చేసి వెంటనే మళ్లీ ఓటింగ్. 2013లో చివరి ఓటింగ్ దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. ఒకరి కాగితంతో పాటు ఇంకో ఖాళీ కాగితం వెళ్లిపోయి లెక్క ఒకటి ఎక్కువైంది, ఆ విడతను వదిలేసి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఈ సంగతి తర్వాత పోప్ ఫ్రాన్సిసే చెప్పారు.

సంఖ్య సరిపోతే ముగ్గురూ బలిపీఠం ముందు బల్ల దగ్గర కూర్చుంటారు. మొదటివారు కాగితం విప్పి, పేరు చూసి, రాసుకుని రెండోవారికి ఇస్తారు. ఆయన కూడా చూసి రాసుకుని మూడోవారికి ఇస్తారు. మూడోవారు పేరు బయటికి చదివి, ‘ఎలీగో’ అన్న మాట దగ్గర సూది గుచ్చి దారానికి ఎక్కిస్తారు. తమ ముందున్న కాగితం మీద కార్డినల్స్ కూడా లెక్క వేసుకోవచ్చు. అన్నీ అయ్యాక దారం రెండు కొసలూ ముడివేస్తారు, ఒక్క కాగితం కూడా జారిపోవడానికి లేకుండా. ఇలా మడతల మధ్య రెండు కాగితాలు ఒకరే వేసినట్టు కనిపిస్తే? రెండింటిలో ఒకే పేరుంటే ఒక ఓటుగా లెక్క. వేర్వేరు పేర్లుంటే రెండూ చెల్లవు. కానీ ఆ విడత ఓటింగ్ మాత్రం రద్దు కాదు.

చివరిగా సరిచూసే ముగ్గురు కాగితాలనూ లెక్కలనూ పరిశీలిస్తారు. గెలిచినా గెలవకపోయినా ఈ పని తప్పదు. తర్వాత బ్యాలెట్లతోపాటు కార్డినల్స్ రాసుకున్న చీటీలు కూడా పొయ్యిలోకే. ఏ విడతలో ఎవరికెన్ని వచ్చాయో కమెర్‌లెంగో ఒక పత్రం తయారుచేసి, సీలు వేసిన కవరులో కొత్త పోప్‌కు ఇస్తారు. పోప్ అనుమతి లేకుండా దాన్ని ఎవరూ తెరవకూడదు. పత్రికల్లో వచ్చే ‘ఫలానా ఆయనకు ఇన్ని ఓట్లు వచ్చాయట’ అన్నవి ఎవరో ప్రమాణం తప్పి చెప్పినవో, ఊహలో. వాటిని అంతమేరకే నమ్మండి.

పొగ ఎప్పుడు చూడాలి

ఉదయం రెండు విడతలు, మధ్యాహ్నం తర్వాత రెండు విడతలు. రెండు విడతల కాగితాలూ కలిపి ఒకేసారి కాలుస్తారు. అందుకే పొగ రోజుకు రెండుసార్లే. మొదటి విడతలోనే తేలిపోతే మాత్రం వెంటనే తెల్లపొగ వస్తుంది. 2025లో వాటికన్ చెప్పిన సుమారు వేళలు రోమ్ సమయం ప్రకారం ఉదయం 10.30 (తెల్లదైతేనే), 12, సాయంత్రం 5.30 (తెల్లదైతేనే), 7. వేసవిలో మన గడియారం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి మనకు మధ్యాహ్నం 2, 3.30, రాత్రి 9, 10.30. మే 8న రోమ్‌లో సాయంత్రం 6 దాటాక, మనకు రాత్రి 9.30 దాటాక వచ్చిన తెల్లపొగ నాలుగో విడతది. అది మధ్యాహ్నం తర్వాతి మొదటి ఓటింగ్ అని వేళను బట్టే చెప్పవచ్చు.

ఒకప్పుడు తడిగడ్డి వేసి నల్లపొగ తెప్పించేవారు. 1958లో తెల్లదనుకున్నది నల్లబడి రేడియోలు తప్పు వార్త చెప్పాయి. 1978లో బూడిదరంగు పొగ చూసి జనం తలలు పట్టుకున్నారు. ఇప్పుడు రెండు పొయ్యిలు: 1939 నుంచి వాడుతున్న పోత ఇనుప పొయ్యిలో కాగితాలు కాలుతాయి. 2005లో పక్కన చేర్చిన రెండో దానిలో రంగు కోసం రసాయనాలు మండుతాయి. 2013లో వాటికన్ చెప్పిన వివరం ప్రకారం నలుపుకు పొటాషియం పర్‌క్లోరేట్, ఆంత్రసీన్, గంధకం. తెలుపుకు పొటాషియం క్లోరేట్, లాక్టోజ్, దేవదారు జాతి చెట్ల రోజనం. 2005 నుంచి తెల్లపొగతోపాటు బసిలికా గంటలు కూడా మోగిస్తున్నారు. ఆ ఏడాది గంటలు ఆలస్యమై జనం కాసేపు తికమకపడ్డారు. పొగ రంగు మీద అనుమానం ఉంటే గంట కోసం ఆగండి.

మూడింట రెండు వంతులు ఎందుకు, రాకపోతే ఏమిటి

1179లో మూడో లాటరన్ మహాసభ ఈ లెక్క పెట్టింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1159లో, కార్డినల్స్ చీలి ఇద్దరిని ఎన్నుకున్నారు. ఎవరిది అసలు ఎన్నిక అన్నది తేలక ఏళ్ల తరబడి గొడవ నడిచింది. సగానికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలనుకుంటే ఓడినవారు దాదాపు అంతేమంది ఉంటారు, వేరుకుంపటి పెట్టడం తేలిక. మూడింట రెండు వంతులంటే గెలిచినవారు ఓడినవారికి రెండింతలు.

2025లో 133 మందికి అది 89. 2005లో, 2013లో 115 మందికి 77. తిప్పి చూస్తే 2025లో 45 మంది ససేమిరా అంటే ఏ పేరూ నెగ్గదు. అందుకే ఒక వర్గానికి ఇష్టుడైన గట్టి మనిషి మొదటి విడతలో ముందున్నా, అవతలి వర్గం భయపడితే అక్కడే ఆగిపోతాడు. గెలిచేది ఎక్కువమందికి మొదటి ఇష్టమైన మనిషి కాకపోవచ్చు, ఎక్కువమందికి అభ్యంతరం లేని మనిషి. మొదటి సాయంత్రం ఓట్లు చెల్లాచెదురుగా పడతాయి. గౌరవం కొద్దీ స్నేహితుడికో గురువుకో వేసేవారూ ఉంటారు. అంకెలు బయటపడ్డాక రాత్రి భోజనంలో మాటలు మారతాయి, మర్నాటికి ఓట్లు ఒకటి రెండు పేర్ల చుట్టూ చేరతాయి. మీ అసలు ప్రశ్నకు జవాబు ఇదే: ప్రచారం చేసే పని ఇక్కడ అంకెలు చేస్తాయి. విడత విడతకూ పేరు పేరునా ఓట్లు పైకి చదవడం అందుకే ముఖ్యం.

ఎంతకీ తేలకపోతే మెట్లు ఇలా ఉంటాయి. మూడు రోజులు పూర్తిగా ఓటు వేసినా తేలకపోతే ఒక రోజు దాకా విరామం: ప్రార్థన, మాటలు, డీకన్ శ్రేణిలోని పెద్ద కార్డినల్ చేసే చిన్న ప్రసంగం. మళ్లీ ఏడు విడతలు, విరామం. ఇంకో ఏడు, విరామం. ఇంకో ఏడు. మొదటి సాయంత్రపు ఓటుతో కలిపి 34 విడతలు. అప్పటికీ తేలకపోతే చివరి విడతలో ఎక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరి మధ్యే ఎన్నిక. ఆ ఇద్దరికీ అప్పుడు ఓటు ఉండదు, అయినా మూడింట రెండు వంతులు రావాల్సిందే.

ఇక్కడ జాన్ పాల్ 2 1996లో ఒక సడలింపు ఇచ్చారు. అన్ని విడతలు అయ్యాక కావాలనుకుంటే సగానికి మించిన ఓట్లతో తేల్చుకోవచ్చని. మంచి ఉద్దేశమే గానీ లోపం పెద్దది. 115 మందిలో 58 మంది ఒక పేరు మీద గట్టిగా నిలబడితే, వాళ్లు ఎవరితోనూ రాజీపడనక్కర్లేదు, పది పన్నెండు రోజులు ఓపిక పడితే చాలు. బెనెడిక్ట్ 16 2007లో దాన్ని కొట్టేశారు. అది సరైన పనే అని నా అభిప్రాయం.

ఇన్ని మెట్లు రాసిపెట్టినా గత వందేళ్లలో అంతదాకా వెళ్లలేదు. 1922లో 14 విడతలు, 1939లో 3, 1958లో 11, 1978 అక్టోబరులో 8, 2005లో 4, 2013లో 5, 2025లో మళ్లీ 4. వారాల తరబడి సాగినది చూడాలంటే 1831కి వెళ్లాలి, అప్పుడు 50 రోజులు పట్టింది. అన్నిటికంటే పొడుగుది ఇటలీలోని వితెర్బో పట్టణంలో జరిగింది. 1268 నవంబరులో క్లెమెంట్ 4 చనిపోతే 1271 సెప్టెంబరు దాకా కార్డినల్స్ తేల్చలేదు. విసిగిపోయిన ఊరివాళ్లు వాళ్లను లోపల పెట్టి తాళం వేశారు, తిండి తగ్గించారు, పైకప్పు కూడా పీకేశారని చెబుతారు. అలా ఎన్నికైన గ్రెగరీ 10 అప్పటికి కార్డినల్ కాదు, పవిత్ర భూమిలో సైన్యాలతో ఉన్నారు. ఆయన 1274లో ఆ ఊరివాళ్ల పనినే చట్టం చేశారు: ఒకేచోట మూసి ఉంచాలి. మూడు రోజుల్లో తేల్చకపోతే పూటకు ఒక్క వంటకం, ఇంకో అయిదు రోజులు దాటితే రొట్టె, నీళ్లు, వైన్ మాత్రమే. తిండి నిబంధన ఎప్పుడో పోయింది, తాళం మిగిలింది.

ఒప్పుకోవడం, పేరు, బాల్కనీ

కావలసినన్ని ఓట్లు వచ్చాక అధ్యక్షత వహించే కార్డినల్ ఆయన ముందుకు వెళ్లి రెండు ప్రశ్నలు అడుగుతారు. ‘సర్వోన్నత గురువుగా నీకు జరిగిన ఎన్నికను అంగీకరిస్తున్నావా?’, ‘ఏ పేరుతో పిలవబడాలనుకుంటున్నావు?’ కాదనే హక్కు ఉంది, కానీ భారానికి భయపడి కాదనవద్దని శాసనం బతిమాలుతుంది. ఎన్నికైన వ్యక్తి ఇంకా బిషప్ కాకపోతే వెంటనే బిషప్‌గా అభిషేకించాలి, అప్పుడే పోప్ అవుతారు. పక్కనున్న చిన్న గదిలో తెల్ల అంగీ తొడుక్కుని, కార్డినల్స్ ఒక్కొక్కరి వందనం అందుకుంటారు. ఆ తర్వాత డీకన్ శ్రేణిలో పెద్దవారు బాల్కనీలోకి వచ్చి ‘హబేముస్ పాపమ్’ అంటారు. 2025లో దొమినీక్ మంబెర్తి ఆ మాట చెప్పి రాబర్ట్ ఫ్రాన్సిస్ ప్రెవోస్ట్ పేరు చదివారు. పొగ వచ్చినప్పటి నుంచి సుమారు గంట పట్టింది.

పూల ఆంథోని గారి సంగతి

సిద్ధాంతరీత్యా జ్ఞానస్నానం పొందిన కతోలిక పురుషుడు ఎవరైనా ఎన్నిక కావచ్చు. వాస్తవంగా 1378లో అర్బన్ 6 తర్వాత కార్డినల్ కానివారెవరూ ఎన్నిక కాలేదు. ఆ లెక్కన ప్రతి కార్డినల్ పేరూ కాగితం మీదికి ఎక్కగలదు, ఆయన పేరు కూడా. పత్రికలు వేసే ‘ముందంజలో ఉన్నవారి’ జాబితాల విలువ ఎంతో రోమ్‌వాసుల సామెత ఒకటి చెబుతుంది: కాంక్లేవ్‌లోకి పోప్‌గా వెళ్లినవాడు కార్డినల్‌గా బయటికొస్తాడు. 2025లో ప్రెవోస్ట్ పేరు కొన్ని జాబితాల్లో ఉన్నా, అమెరికా దేశస్థుడు పోప్ కావడం జరగదని చాలామంది పక్కన పెట్టేశారు.

హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయిన ఆంథోని గారిని ఫ్రాన్సిస్ 2022 ఆగస్టు 27న కార్డినల్‌ను చేశారు. తెలుగువారిలో తొలి కార్డినల్, దళితుల్లోనూ తొలి కార్డినల్. 2025లో భారత్ నుంచి ఓటు వేసిన మిగతా ముగ్గురు గోవాకు చెందిన ఫిలిప్ నేరి ఫెర్రావ్, కేరళకు చెందిన బసేలియోస్ క్లీమిస్, జార్జ్ జాకబ్ కూవకాడ్. ఆంథోని గారు పుట్టింది 1961 నవంబరు 15న. పైన చెప్పిన వయసు లెక్క ప్రకారం 2041 నవంబరు 15వ తేదీ వరకు, ఆ రోజుతో సహా, పీఠం ఎప్పుడు ఖాళీ అయినా ఆయన ఓటు వేయవచ్చు. మర్నాడు ఖాళీ అయితే సమావేశాల్లో మాట్లాడగలరు గానీ, ‘ఎక్స్‌ట్రా ఓమ్నెస్’ అన్నప్పుడు లోపల ఉండలేరు.